తొమ్మిది రోజుల్లో వచ్చిన జవాబు

మన సంఘం పత్రికకి నేను ఇంతకుముందు మూడుసార్లు రాసి పంపాను. మొదటిది అందలేదన్నారు. రెండోది అందింది గానీ చోటు చాలలేదన్నారు; ఆ నెల సంచికలో రెండు పేజీల నిండా ముగ్గుల పోటీ ఫోటోలున్నాయి. మూడోదాని సంగతి అడగడానికి ఫోను చేస్తే ఎత్తడం మానేశారు. ఇప్పుడు మాత్రం, "రిటైరైనవాళ్ళు తమ ఉద్యోగంలో మరిచిపోలేని సంగతి ఒకటి రాయండి, కొత్తగా చేరినవాళ్ళకి పనికొస్తుంది" అని అందరికీ పంపిన మెసేజి నాకూ వచ్చింది. పొరపాటున వచ్చిందేమోనని నా అనుమానం. వచ్చింది కాబట్టి రాస్తున్నాను. ఎవరి పేర్లూ ఉండకూడదని షరతు పెట్టారు. సరే. పేర్లు లేకపోయినా ఎవరి గురించి రాశానో వాళ్ళకి తెలుస్తుంది.

నూజివీడు నుంచి ముసునూరు వెళ్ళే దారిలో ఉన్న మన సంఘం మామిడి అంట్ల నర్సరీలో ముప్పై ఒక్క ఏళ్ళు గుమాస్తాగా చేశాను. హాజరు పట్టీ, ఉత్తరాలు, ఏ మడిలో ఏ రకం అంట్లు ఉన్నాయో రాసే రిజిస్టరు, ఇవీ నా పనులు. ఇవి కాక నా దగ్గర ఇంకో పుస్తకం ఉండేది. అది ఆఫీసుది కాదు, నాది. నన్ను ఎవరు, ఏ రోజు, ఎలా చిన్నచూపు చూశారో అందులో రాసుకునేవాణ్ణి. చేరిన కొత్తలో ఫ్యాను గాలి తగలని మూల నాకు బల్ల వేయించిన మేనేజరు మొదటి పేజీలో ఉన్నాడు. అందరికీ టీ ఇచ్చి అడుగున మిగిలింది నాకు పోసిన అటెండరు మూడో పేజీలో ఉన్నాడు. మీరు నవ్వుకోవచ్చు. నేను చెప్పబోయేది ఆ పుస్తకం గురించే.

అందులో ఎక్కువ పేజీలు ఒక్క మనిషికే పోయాయి. అతను మా అంటు మేస్త్రి.

చాట్రాయి వైపు నుంచి పనికోసం వచ్చిన కూలి కుటుంబం అతనిది. భార్య కూడా మా నర్సరీలోనే సంచుల్లో మట్టి నింపే పని చేసేది. అంటు కట్టడం ఎలాగో కొత్తవాళ్ళకి నేర్పిస్తూనే ఉంటారు కాబట్టి వివరంగా రాయను. టెంక మొక్క కాండానికి ఏటవాలుగా కోత పెట్టాలి. తల్లి చెట్టు నుంచి తెచ్చిన పుల్లని ఆ కోతలో అతికేలా చెక్కాలి. తడి ఆరేలోపు రెండూ కలిపి టేపు చుట్టాలి. కోత వెంట్రుకవాసి తేడా వచ్చినా పుల్ల ఎండిపోతుంది. అతను కట్టినవాటిలో ఎండినవి వెతుక్కోవాల్సి వచ్చేది.

అతనికి ఇంకో గొప్ప ఉండేది. ప్రతి వేసవిలో తల్లి చెట్ల తొలి పళ్ళన్నీ ఒక గంపలో కలిపేసి, మేస్త్రి కళ్ళకి తువ్వాలు కట్టేవాళ్ళు. ఒక్కో పండు ముక్కు దగ్గర పెడితే రసమా, బంగినపల్లా, కలెక్టరా అన్నదే కాదు, ఏ వరసలో ఏ చెట్టుదో కూడా చెప్పేవాడు. అది అయ్యాకే పళ్ళు అందరికీ పంచాలి. అది మా నర్సరీ ఆనవాయితీ. మీరొచ్చాక ఉందో లేదో నాకు తెలియదు, నన్నెవరూ పిలవలేదు.

నా పుస్తకంలో అతని పేరు మొదటిసారి ఎక్కింది నాకు సీనియర్ గుమాస్తా హోదా వచ్చిన రోజు. లడ్డూలు పంచాను. మట్టి నింపే ఆడవాళ్ళు కూడా "ఇంకోటి ఇవ్వండి గుమాస్తా గారూ, హోదా పెద్దదైతే చెయ్యి చిన్నదైపోయిందేంటండీ" అని నవ్వారు. మేస్త్రి మాత్రం లడ్డు తీసుకుని గోడని చూసినట్టు నన్ను చూశాడు. ముఖంలో ఒక్క గీత కదల్లేదు.

"ఏం మేస్త్రీ, నచ్చలేదా?" అన్నాను.

"సంతోషమండి" అన్నాడు, తనలో తను అనుకున్నట్టు.

ఆ సాయంత్రం రాసుకున్నాను: "సంతోషమని చెప్పాడు. ముఖంలో లేదు. ఓర్వలేనితనం."

ఆ రోజు నుంచి అతన్ని గమనించడం మొదలుపెట్టాను. గమనిస్తే అన్నీ కనిపించాయి. పొద్దున్నే నేను పలకరిస్తే పెదవులు కదిలేవి, మాట వినపడేది కాదు. వినపడకూడదనే అలా అంటున్నాడని రాసుకున్నాను. మడులకి కట్టే బిళ్ళల మీద రకం పేరు అతనే రాసేవాడు. పూర్వం దూరం నుంచి కూడా చదవగలిగే అక్షరాలు. ఇప్పుడు మొదటి అక్షరం మామూలుగా ఉండి, చివరికి వచ్చేసరికి చీమ తలకాయంత అయిపోయేది. రకాలు తారుమారు చేసి మంచి అంట్లు బయటివాళ్ళకి చేరవేస్తున్నాడేమో, అందుకే ఎవరూ చదవకుండా రాస్తున్నాడేమో అని రాసుకున్నాను.

చెయ్యి సంగతి మరీ విచిత్రం. ఊరికే కూర్చున్నప్పుడు అతని కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఏదో నలుపుతున్నట్టు ఆగకుండా కదిలేవి. కత్తి పట్టుకోగానే ఆ కదలిక ఆగిపోయేది. రోగమే అయితే పనిలో వణకాలి గానీ తీరిగ్గా ఉన్నప్పుడు వణకడమేంటి? నాకు తెలిసినంతలో అది తాగుడు, కాదంటే నటన.

నడక కూడా అంతే. మొక్కలకి నీడనిచ్చే షేడ్ నెట్ పందిరి గుమ్మం దగ్గరికి రాగానే ఎవరో కాళ్ళకి మేకులు కొట్టినట్టు నిలబడిపోయేవాడు. వెనక ఫైలు పట్టుకుని నేను నిలబడి ఉన్నా కదిలేవాడు కాదు. "దారివ్వు మేస్త్రీ" అని గట్టిగా అంటే ఇంకా బిగుసుకుపోయేవాడు. అదే మనిషి లోపలికి వెళ్ళాక, అడ్డంగా పేర్చిన మొక్కల సంచుల వరసలని ఒక్కొక్కటే దాటుకుంటూ చకచకా పోయేవాడు. చదును నేల మీద నడవలేని మనిషి అడ్డాలు ఎలా దాటతాడు? నాకు దారి ఇవ్వకూడదనే నిలబడుతున్నాడని తీర్మానించుకున్నాను.

మూడో ఏడు వేసవిలో తువ్వాలు కట్టి మొదటి పండు ముక్కు దగ్గర పెట్టారు. చాలాసేపు పీల్చాడు. చేత్తో తడమబోతే ఆడవాళ్ళు గోల చేసి చెయ్యి లాగేశారు. చివరికి "చిన్న రసం" అన్నాడు. అది బంగినపల్లి. రెండోదీ తప్పే చెప్పాడు. మూడోదానికి తువ్వాలు తనే విప్పేసుకుని, "జలుబు చేసిందండి" అని వెళ్ళిపోయాడు. ఎర్రటి ఎండలో జలుబేంటని అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఎవరో ప్రైవేటు నర్సరీవాళ్ళు ఇతన్ని కొనేశారని ఆ రోజే నాకు రూఢి అయింది.

పుస్తకంలోంచి సంగతులు తీసి నాలుగు పేజీల ఫిర్యాదు రాసి మన పెద్దాఫీసుకి పంపాను. విధుల్లో మత్తుగా ఉంటున్నాడని, బిళ్ళలు కావాలని చదవకుండా రాస్తున్నాడని, పై ఉద్యోగులని ఖాతరు చేయడం లేదని. నా ఉద్యోగంలో నేను రాసిన ఏ ఉత్తరానికీ పెద్దాఫీసు అంత తొందరగా కదల్లేదు. తొమ్మిదో రోజున జవాబు వచ్చింది. విచారణాధికారిని పంపుతున్నామని, నన్ను అభినందిస్తున్నామని. ఆ కాగితం నా దగ్గర ఇప్పటికీ ఉంది.

విచారణ రోజున మేస్త్రిని ఆఫీసు గదిలోకి రమ్మన్నారు. గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

"ఏంటయ్యా, లోపలికి రావడానికి ముహూర్తం చూడాలా?" అన్నాడు అధికారి.

"కాళ్ళు రావట్లేదండి."

"ఇందాక మొక్కల మధ్య బాగానే తిరిగావుగా. నేను జీపులోంచి చూశాను."

అటెండరు చెయ్యి పట్టుకుని లాగితే తూలి బల్ల మీద పడబోయాడు. అధికారి మా మేనేజరు వంక చూశాడు. మేనేజరు అటెండరుని మేస్త్రి నోరు వాసన చూడమన్నాడు.

"ఏమీ రావట్లేదండి" అన్నాడు అటెండరు.

అప్పుడు ఒక మాట అన్నాను. అది నా పుస్తకంలో లేదు. ఎందుకంటే అందులో ఇతరులు అన్నవే రాసేవాణ్ణి. "ఏలకులు నమిలి ఉంటాడండి" అన్నాను.

వాంగ్మూలం రాసిమ్మని కాగితం ఇచ్చారు. మూడు లైన్లు రాసేసరికి అక్షరాలు చుక్కలైపోయాయి. "ఇదిగో, మన ముందే వేషాలు" అన్నాడు అధికారి. తరువాత కత్తీ, పుల్లా తెప్పించి అంటు కట్టి చూపించమన్నాడు. మేస్త్రి కట్టాడు. కాస్త నెమ్మదిగా కట్టాడు గానీ కోతలో వెంట్రుక దూరే సందు లేదు. కట్టినంతసేపూ చెయ్యి వణకలేదు. అదే అతన్ని ముంచింది. నడిస్తే తూలుతున్నాడు కాబట్టి మత్తు, పని చేస్తే చెయ్యి నిలుస్తోంది కాబట్టి నటన. రెండు రకాలుగానూ తప్పు అతనిదే అయింది. "విధులలో మత్తుగా ఉండుట, బుద్ధిపూర్వక నిర్లక్ష్యం" అని అతని సర్వీసు ఫైల్లో ఒక లైను ఎక్కింది. కత్తి తీసేసుకుని అతన్ని గేటు దగ్గర కాపలాకి వేశారు.

అతని భార్య మట్టి చేతులతోనే ఆఫీసు మెట్ల దాకా వచ్చింది.

"తాగుబోతని రాశారంటగా గుమాస్తా గారూ. మా ఆయన కల్లు కూడా ముట్టడండి. మీ పెన్నుకి ఎవరు పోశారో మరి."

ఆ మాట తేదీతో సహా రాసుకున్నాను.

కొన్ని వారాలకి లారీకి గేటు తీయబోయి, ఒక అడుగు వెనక్కి వేసి అలాగే వెల్లకిలా పడ్డాడు. నూజివీడు ఆసుపత్రిలో డాక్టరు తలకి కట్టు కట్టి, అతని ముఖమూ చెయ్యీ చాలాసేపు చూసి, విజయవాడలో నరాల డాక్టరుకి చూపించమని చీటీ రాసిచ్చాడట. సెలవు చీటీ కోసం భార్య ఆఫీసుకి వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పింది. నాకు వెంటనే తట్టింది: దొంగ సర్టిఫికెట్ తెచ్చుకుని విచారణ కొట్టేయించుకునే ఎత్తు ఇది. సంఘం తరఫున తోడు వస్తానన్నాను. "మీరెందుకండీ?" అని అనుమానంగా చూసింది. ఆమెకి నా మీద, నాకు వాళ్ళ మీద. ముగ్గురం విజయవాడ బస్సెక్కాం. నా సంచీలో పుస్తకం ఉంది. డాక్టరు మోసపోకుండా అన్నీ చెప్పేయాలని నా ఉద్దేశం.

నరాల డాక్టరు మా అమ్మాయి వయసు మనిషి. "ఎప్పటి నుంచమ్మా ఇలా?" అని భార్యని అడిగింది.

"ఈ వేసవి నుంచేనండి. పడ్డ దగ్గర్నుంచి మరీ ఎక్కువైంది."

రికార్డు తప్పుగా నమోదవుతుంటే నేను ఊరుకోలేను. "కాదండి, మూడేళ్ళ నుంచి" అన్నాను.

"మీరెవరు?"

"సంఘం గుమాస్తానండి. నా దగ్గర తేదీలతో సహా ఉంది."

"చదవండి" అంది.

చదివాను. లడ్డూ రోజు దగ్గర మొదలుపెట్టి ముఖం కదలకపోవడం, మాట వినపడకపోవడం, అక్షరాలు చిన్నవైపోవడం, కూర్చుంటే వణికి పని చేస్తే ఆగిపోయే చెయ్యి, గుమ్మం దగ్గర ఆగిపోయి అడ్డాలు మాత్రం దాటేయడం, తువ్వాలు కట్టిన రోజు, అన్నీ. నేను చదువుతుంటే ఆమె పెన్ను ఆగకుండా రాస్తోంది. నేను నేరాల పట్టీ చదువుతున్నాననుకుంటున్నాను. ఆమె ఇంకేదో రాసుకుంటోంది. ఒకచోట నేను తడబడ్డాను.

"అక్కడ ఏదో వదిలేశారు" అంది.

"అది నా అభిప్రాయమండి."

"అభిప్రాయాలు వద్దు. చూసింది చెప్పండి చాలు."

తరువాత మేస్త్రిని నడిపించింది, వేళ్ళు తట్టించింది, చేతులు వంచి చూసింది. వెనక నిలబడి భుజాలు పట్టి లాగితే అతను నిలదొక్కుకోలేకపోయాడు. అప్పుడు చెప్పింది. దీన్ని పార్కిన్సన్స్ అంటారు. శరీరం సాఫీగా కదలడానికి మెదడులో తయారవ్వాల్సిన ఒక రసాయనం తగ్గిపోతూ వస్తుంది. నవ్వు మనసులో పుడుతుంది గానీ ముఖం మీదికి రాదు. గొంతు తగ్గిందని ఆ మనిషికే తెలియదు. చెయ్యి తీరిగ్గా ఉన్నప్పుడు వణికి, పనిలో పెడితే నిలవడం చాలామందిలో ఉంటుంది. గుమ్మం దగ్గర కాళ్ళు అతుక్కుపోతాయి. కళ్ళ ముందు దాటడానికి ఒక గీతో వరసో ఉంటే అడుగు పడుతుంది. వాసన తెలియకపోవడం అన్నిటికంటే ముందు, కొన్నేళ్ళ ముందే మొదలవ్వచ్చు. పూర్తిగా నయం కాదు. మందులతో, వ్యాయామంతో చాలాకాలం పని చేసుకోవచ్చు.

"ఇంత జాగ్రత్తగా గమనించి రాసినవాళ్ళని నేను చూడలేదండీ. చాలా సాయమైంది" అంది నాతో.

మొత్తం ఉద్యోగంలో నాకు దక్కిన మెప్పులు రెండు. ఒకటి పెద్దాఫీసు కాగితం, రెండోది ఇది. రెండూ ఆ పుస్తకానికే వచ్చాయి. రెండోది విన్నాక పుస్తకం మూసి సంచీ అడుగున పెట్టేశాను.

మెట్లు దిగుతూ భార్య అడిగింది. గొంతులో కోపం కూడా లేదు. "మా ఆయన్ని మీరు చూసినంత నేను కూడా చూడలేదు గుమాస్తా గారూ. మూడేళ్ళు అంతలా చూసినోరు, ఏమైంది మేస్త్రీ అని ఒక్కసారన్నా అడగలేదేంటండీ?"

ఆ ప్రశ్నని ఆ రాత్రే తేదీతో సహా పుస్తకంలో రాసుకున్నాను. నేను అందర్నీ జవాబులు అడుగుతాను కాబట్టి ఈ మాట రాయడం న్యాయం.

మందులు మొదలయ్యాక అతనికి రోజులో మంచి గంటలూ చెడ్డ గంటలూ తేలాయి. మాత్ర వేళకి పడితే రెండు మూడు గంటలు దాదాపు పాత మేస్త్రే. అరగంట ఆలస్యమైతే చొక్కా గుండీ కూడా పెట్టుకోలేడు. నేను గేటు దగ్గరా, అతని ఇంటి గుమ్మం దగ్గరా అడుగుకొకటి చొప్పున సున్నంతో అడ్డగీతలు గీశాను. మొదటి రోజు వాటి మీద అతను ఆగకుండా నడిచి లోపలికి వచ్చాడు. ముఖంలో ఏమీ లేదు. నేను పాత అలవాటు కొద్దీ ఆ ముఖంలోకి చూశాను.

"నవ్వుతున్నానండి" అన్నాడు మేస్త్రి. "పుస్తకంలో రాసుకోండి."

రాసుకున్నాను.

మంచి గంటల్లో అతనికి అంటు పని తిరిగి ఇమ్మని మేనేజరుని అడిగాను. "మత్తులో ఉంటాడని ఫైల్లో ఉంది కదండీ. అలాంటివాడి చేతికి కత్తి ఎలా ఇస్తాం?" అన్నాడు.

"అది రోగమండి. డాక్టరు కాగితం ఇదిగో. ఫిర్యాదు నాది, తప్పని నేనే చెబుతున్నాను."

"ఇప్పుడది మీ ఫిర్యాదు కాదు, విచారణలో రుజువైన సంగతి. వెనక్కి తీసుకోవడానికి మీరెవరు?"

ఆ ఏడాదిలోనే మేస్త్రి స్థానంలో ఒకతను వచ్చాడు. పెద్దాఫీసులో ఎవరి తాలూకు మనిషో నాకు తెలుసు. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయను. నా ఫిర్యాదు తొమ్మిది రోజుల్లో ఎందుకు కదిలిందో అప్పుడు అర్థమైనట్టనిపించింది. రుజువు లేదు. రుజువు లేకుండా ఒకసారి రాశాను కాబట్టి ఈసారి అనుమానమనే రాస్తున్నాను.

ఆ ఒక్క లైను కొట్టేయమని పెద్దాఫీసుకి ఇప్పటికి ఆరు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి డాక్టరు కాగితం నకలు జతచేశాను. మూడోదానికి నా పుస్తకం పేజీల నకళ్ళు, "ఓర్వలేనితనం" తో సహా. ఐదోది స్వయంగా తీసుకెళ్ళి ఇస్తే రసీదు ఇవ్వలేదు. ఫైలు కనపడటం లేదన్నారు. ఈలోగా నేను రిటైరయ్యాను. అతన్ని ఇంటికి పంపేశారు. మీలో కొత్తగా చేరినవాళ్ళకి "పూర్వం ఒక తాగుబోతు మేస్త్రి ఉండేవాడు, మామిడి పండు వాసన కూడా తెలిసేది కాదు" అని కథగా చెబుతున్నారని విన్నాను. ఆ కథ మొదట రాసినవాణ్ణి నేను. అది అబద్ధం.

మీ పక్కన పనిచేసే మనిషి నవ్వడం మానేస్తే, గొంతు తగ్గిస్తే, గుమ్మం దగ్గర ఆగిపోతే ముందు అడగండి. వెనక నుంచి అరవకండి, చెయ్యి పట్టి లాగకండి. కాళ్ళు అతుక్కుపోతే ఒక నిమిషం ఆగనివ్వండి, అతని పాదాల ముందు మీ పాదం అడ్డం పెట్టి దాటమనండి. మాట పూర్తయ్యేదాకా వినండి, మీరు పూర్తి చేయకండి. మాత్ర వేళకి ఎంత పని ఉన్నా ఆ మనిషిని వదలండి. రోజూ నడిపించండి. ఇది నాకు ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగం నేర్పలేదు. మెట్ల మీద ఒక మనిషి అడిగిన ప్రశ్న నేర్పింది.

ప్రతి మంగళవారం సాయంత్రం నాలుగింటి మాత్ర వేళకి వాళ్ళింటికి వెళతాను. సున్నం గీతలు చెరిగిపోతే మళ్ళీ గీస్తాను. ఇప్పుడు అతనికి మాట బాగా తగ్గింది, చెవి దగ్గర పెట్టి వినాలి. పోయిన వారం భార్య గ్లాసులో నీళ్ళు పట్టుకుని నిలబడి ఉంది. మాత్ర మింగి, చాలాసేపు తీసుకుని అడిగాడు.

"కాయితం వచ్చిందాండి?"

"ఇంకా లేదు మేస్త్రీ."

"వస్తదిలెండి. మీరు వదలరుగా" అంది భార్య. అందులో ఎగతాళి ఎంతో, నమ్మకం ఎంతో నాకు తెలియలేదు. పుస్తకంలో ఆ మాట మాత్రం రాశాను, అభిప్రాయం రాయలేదు.

పెద్దాఫీసు వారికీ, సంఘం అధ్యక్షుల వారికీ ఇది ఏడో ఉత్తరం. ఈసారి అందలేదనడానికి వీల్లేదు, మీ సంచికలోనే అచ్చయింది. నేను అబద్ధం రాసినప్పుడు మీకు తొమ్మిది రోజులు చాలాయి. నిజం రాస్తున్నాను, ఎన్ని రోజులు కావాలి? ఆ లైను కొట్టేశారా, లేదా? కొట్టేయకపోతే ఎందుకు? జవాబు నాకు రాయొద్దు. మేస్త్రి పేరున రాయండి. మంగళవారం నాలుగు గంటల్లోపు అందేలా పంపండి, మాత్ర వేసుకున్నాక నేను చదివి వినిపిస్తాను.